చెట్టు కింది అంబాసిడర్

ఈ నెల మేము ఒక కారును గూర్చి వ్రాస్తున్నాము. దైవసేవకునికి కార్ల పిచ్చి ఏమిటని మా సంఘ పెద్దలు కొందరు అడుగుతుంటారు. దానికి మా దగ్గర జవాబు లేదు. చిన్నప్పుడు పులివెందుల నుండి వేంపల్లె పోయే రోడ్డు పక్కన నిలబడి, బండి కంటికి కనబడకముందే శబ్దమును బట్టి అంబాసిడరో ఫియటో చెప్పి తోటి పిల్లల దగ్గర వేరుశనగ కాయలు గెలుచుకున్నవారము మేము.

ఆ గర్వమే ఈ సంవత్సరము మమ్మును తలదించుకొనేలా చేసింది.

మా వేముల మండలములో ఒక విశ్వాసి ఇంటి ముందు వేపచెట్టు కింద తెల్ల అంబాసిడర్ ఉంది. ఆయన తండ్రి ముగ్గురాయి గనుల పనిమీద తిరిగిన మనిషి. ఆ రోజుల్లో ఊరిలో ఎవరికి పురిటినొప్పులు వచ్చినా, పాము కరిచినా ఆ కారే పులివెందులకు పోయేది. పెట్రోలు డబ్బులు ఇస్తే తీసుకొనేవాడు, లేదంటే లేదు. తండ్రి పోయాక కారు చెట్టు కిందికి చేరింది. సీ బుక్కును చెదలు తినేశాయి. ఇప్పుడు కుమార్తె కడపలో చదువుతోంది, ఫీజు కట్టాలి. పాత కార్లు సేకరించే ఒకాయన పట్నము నుండి ఫోన్ చేశాడు.

"అయ్యగారూ, ఇది ఏ కాలపు బండో మీరే చెప్పాల" అని ఆ సోదరుడు మమ్మును పిలిచాడు.

అంబాసిడర్ బ్రిటన్ దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అచ్చు. 1950ల చివర బెంగాలులోని ఉత్తర్‌పారాలో మొదలై 2014 మే నెలలో ఆగిపోయింది. ఇన్నేళ్ళలో పైరూపము పెద్దగా మారలేదు గనుక దాని వయస్సు ముఖములో వెదకాలి. 1962లో వచ్చిన మార్క్ 2కు ముందు జాలీ సన్నని గళ్ళతో ఉంటుంది. 1975 నాటి మార్క్ 3కి అడ్డపట్టీలు, వాటిలోనే గుండ్రని చిన్న లైట్లు. 1979 నాటి మార్క్ 4కు జాలీ చిన్నదైంది, పక్కన చదరపు లైట్లు వచ్చాయి. 1990ల ఆరంభములో ఇసుజు ఇంజనుతో వచ్చిన 1800 అయితే గేరు స్టీరింగు దగ్గర కాక కింద ఉంటుంది. (ఫియటు సంగతి వేరే చెప్పాలి. 1970లలో అది పేరు మార్చుకొని ప్రీమియర్ పద్మిని అయినా మన సీమలో చివరిదాకా ఫియటే.)

మేము సన్నగళ్ళ జాలీ చూశాము. నెంబరు ప్లేటు పాత మూడక్షరాలది. అయితే 1989లో ఏపీ 04 రాకముందు బండ్లన్నిటికీ అటువంటిదే గదా! అది మేము ఆలోచించలేదు. "మార్క్ 2, అరవైల నాటిది" అని ధైర్యముగా చెప్పేశాము. కొనేవాడు రెండు లక్షలన్నాడు. యాభై ఏళ్ళు దాటిన వాటికి 2021 నిబంధనల ప్రకారము వింటేజ్ రిజిస్ట్రేషను దొరుకుతుంది గనుక వాళ్ళకు మోజు ఎక్కువ. ఆ గుర్తింపు తీసుకొన్న బండిని రోజువారీ పనులకు నడపరాదు, ప్రదర్శనలకే.

కాగితాలు మళ్ళీ తీయించడానికి చాసిస్ నెంబరు కావలసివచ్చింది. తుప్పు గీకి, కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దాము. రికార్డులో ఆ నెంబరుకు ఎదురుగా ఉన్న సంవత్సరము 1981.

ఇంటికి వచ్చి ఆయన తల్లిని అడిగితే ఆమె నవ్వింది. "పెండ్లినాడు ఎద్దుల బండికి గుద్దినాడు కదయ్యా మీ నాయన. కడపలో పాత సామాను తెచ్చి ముందు మూతంతా మార్పిచ్చినాడు." లోపలి డ్యాష్‌బోర్డును శ్రద్ధగా చూసి ఉంటే మాకు ఆనాడే అనుమానము వచ్చేది. జాలీలు మారుస్తారు గాని దానిని మార్చేవారు తక్కువ.

ఆ రాత్రి ఆ సోదరుడు మా గుమ్మములో నిలబడ్డాడు. "కొనేవాడు మీ మాట నమ్మినాడు అయ్యగారూ. మీరు ఊరుకుంటే సరిపోతాది. పాప ఫీజు పది దినాల్లో కట్టాల." మేము వెంటనే మాట్లాడలేకపోయాము. తప్పు ఆయనది కాదు, మాది. ఆయన బిడ్డ చదువు మా తప్పు మీద ఆనుకొని ఉంది. చివరికి మేమే ఫోన్ తీసుకొని కొనేవానితో పొరపాటు మాదేనని చెప్పాము. అరవై వేలైతే చూస్తానన్నాడు, తరువాత ఫోన్ ఎత్తలేదు. ఫీజులో సగము సంఘములో కొందరు అప్పుగా సర్దారు, మిగతా సగానికి ఆయన ఎనుమును అమ్మాడు. ఆ ఎనుము సంగతి తలచుకుంటే మాకు ఇప్పటికీ కష్టముగా ఉంటుంది.

కారు ఉండిపోయింది గనుక ఉంచుకొనే ఖర్చు కూడ చెప్పాలి. పదిహేనేళ్ళు దాటిన సొంత కారుకు అయిదేళ్ళకోసారి రిజిస్ట్రేషను పొడిగించాలి. ఆ రుసుము 2022లో 600 నుండి 5,000 రూపాయలైంది, ఇరవై ఏళ్ళు దాటినవాటికి 2025లో 10,000 చేశారు. ఇరవై శాతము ఇథనాలు కలిపిన పెట్రోలు పాత రబ్బరు గొట్టాలకు పడదు, అవి మార్పించాము. మే నెల ఎండలో పెట్రోలు పంపు వేడెక్కి బండి ఆగితే దానిమీద తడిగుడ్డ వేసి పావుగంట కూర్చోవడమే.

మొన్న ఆదివారము ఆరాధన అయ్యాక ఆయన చోక్ లాగి మీట నొక్కాడు. మూడవసారికి అందుకుంది. ముసలమ్మ ముందు సీటులో కూర్చొని, "మెల్లగ పోనీ నాయనా, ఎద్దులొస్తాయి" అన్నది. తుమ్మలపల్లె గని లారీలు తప్ప ఆ రోడ్డు మీద ఎద్దుల బండి చూసి మాకు చాలా ఏళ్ళయింది.