ఉచ్చారణ స్పష్టత

భూపాలపల్లి జిల్లాయందలి టేకుమట్ల పేరును మొదట తెలుగులిపిలోను, పిదప రోమనులిపిలోను వ్రాసి చూడుడు. తెలుగున రెండు టకారములును సందేహమునకు చోటీయక నిలుచును. రోమనులిపిలో టకారమునకును తకారమునకును సామాన్యముగా నొకే యక్షరము వాడుదురు. ఊరెఱుగనివాడు దానిని ‘తేకుమత్ల’ యని చదివినచో వానిని నిందింప వలనుపడదు. ఆ యూరివారి నోట విన్నవాడే సరిగా పలుకగలడు. లిపి చేసిన లోపమును తీర్చునది స్పష్టోచ్చారణమే.

ఇది పండితుల ముచ్చట మాత్రమేయని కొందఱు తలంతురు. మే మంగీకరింపము. అరెకరమునకును ఆరెకరములకును గల భేదము చెవికి ముఖ్యముగా మొదటి యచ్చు దీర్ఘమువలననే తెలియుచున్నది. దస్తావేజు చదివి వినిపించువాడు తొందరపడి దీర్ఘమును కుఱుచచేసి, మాట తుదిని మ్రింగినచో, చదువురాని రైతు దేనికి వ్రేలిముద్ర వేయుచున్నాడో వానికే తెలియదు. వేల, వేళ, కల, కళ: ఇట్టి జంటలు మన భాషలో నెన్నియో కలవు. లకార ళకారములు కలసిపోయినచో నర్థమును కలసిపోవును.

అయినను, స్పష్టతపేర యాసను పరిహసించుట మాకు సమ్మతము కాదు. నిజాము రాజ్యమున అధికారభాష ఉర్దూ. 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనయు నుర్దూలోనే. అట్టి కాలమున, 1921 నవంబరులో, హైదరాబాదున జరిగిన సంఘసంస్కార సభలో అల్లంపల్లి వేంకటరామారావుగారు తెలుగున ప్రసంగింపబూనగా సభికులు కొందఱు గేలిచేసిరి. ఆ పరాభవమే ఆంధ్రజనసంఘ స్థాపనమునకు దారితీసెను. నాటి లోపము వక్త నాలుకయందు లేదు, వినువారి చెవియందుండెను. టేకుమట్ల రైతు తన యాసలోనే ప్రత్యక్షరమును తేటగా పలుకగలడు. పట్టణవాసి పుస్తకభాషలో మాటాడుచునే నసుగవచ్చును.

కావున మా మనవి యిది. ఉపాధ్యాయులు పిల్లలచే ప్రతిదినము నొక పుటయైనను బిగ్గరగా చదివింపవలెను. గ్రామసభలో తీర్మానము చదువువారు అంకెలను, పేళ్లను, సరిహద్దులను ఆగి యాగి, అవసరమైనచో రెండుమాఱులు చదువవలెను. పొరుగూరి పేరు పలుకవలసినవారు ఆ యూరివారినే యడిగి నేర్చుకొనవలెను. వినువారును, తెలియనిచో తెలియలేదని చెప్పుటకు సిగ్గుపడరాదు. తప్పుగా పలికిన మాటవలన నష్టపడువాడు తఱచుగా పలికినవాడు కాడు, విని నమ్మినవాడు.