నేలకు పనికొచ్చింది ఊపిరికి పనికిరాదు

ఒకసారి పరీక్షించి పరవాలేదన్న రసాయనాన్ని, వాడే చోటు మారిందని మళ్లీ పరీక్షించమనడం పరిశ్రమను వేధించడమేనన్న వాదన చాలామందికి సబబుగా తోస్తోంది. ఈ వాదన ప్రాణాలు తీసింది.

1994లో దక్షిణ కొరియాలో హ్యుమిడిఫయర్ నీళ్లలో కలిపే క్రిమిసంహారకం అమ్మకానికి వచ్చింది. గదిలో గాలి పొడిబారకుండా తేమ చిమ్మే యంత్రమే హ్యుమిడిఫయర్. అందులో సూక్ష్మజీవులు పెరగకుండా ఈ మందు పోయమన్నారు. తర్వాత బాగా అమ్ముడైన బ్రాండ్లలో ఉన్నది పీహెచ్‌ఎంజీ అనే రసాయనం. మింగినా, ఒంటికి తగిలినా దాని విషప్రభావం తక్కువే. ఆ ధీమాతోనే మనుషులకు హాని లేదని ప్రచారం చేశారు. తల్లులు పసిపిల్లల గదుల్లో పెట్టుకున్నారు. యంత్రం దాన్ని సన్నని తుంపరగా మార్చి ఊపిరితిత్తుల లోతుల్లోకి పంపింది. 2011లో సియోల్‌ ఆసుపత్రిలో గర్భిణులు, బాలింతలు అంతుబట్టని ఊపిరితిత్తుల జబ్బుతో చేరాకగాని కారణం బయటపడలేదు. అప్పటికి పదిహేడేళ్లు! ప్రభుత్వం గుర్తించిన బాధితులే 5,000 దాటారు. రసాయనాన్ని వేరే వాడకానికి చూసి వదిలేశారు. సీసాను మామూలు సరుకుగా లెక్కగట్టారు. పీలిస్తే ఏమవుతుందని అడగాల్సిన బాధ్యత చట్టం ఎవరిమీదా పెట్టలేదు.

ఐరోపా సమాఖ్య 528/2012 నియమావళి సరిగ్గా ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది. హానికర జీవులను కేవలం భౌతికంగా కాక మరో విధంగా చంపడానికో, తరమడానికో ఉద్దేశించినదేదైనా బయోసైడే. ఈగల బ్యాట్ కాదు, దోమల కాయిల్ అవుతుంది. వాటిని 22 రకాలుగా విడదీశారు. మూల రసాయనానికి ఏ రకంలో వాడతారో ఆ రకానికే ఆమోదం, ఆపైన సరుకుకు మళ్లీ అనుమతి. ప్రకటనల్లో 'హాని లేనిది', 'సహజమైనది' అనడానికి వీల్లేదు. పాత రసాయనాల సమీక్ష 2030 వరకూ సాగదీశారన్న ఫిర్యాదు న్యాయమే. దానికి మందు సిబ్బందిని పెంచడం, నియమాన్ని సడలించడం కాదు.

మన దగ్గర దోమల కాయిల్ 1968 నాటి క్రిమిసంహారకాల చట్టం కింద వ్యవసాయ శాఖ చేతిలో ఉంది. ఫినాయిల్ వంటివి ఔషధ చట్టం కిందకు వస్తాయి. 2020లో కరోనా వేళ రైతు బజార్ల ముందు మనుషులు నడిచే సొరంగాలు కట్టి, నేలకూ గోడలకూ వాడే సోడియం హైపోక్లోరైట్‌ను మనుషులమీద చల్లారు. మనుషులమీద చల్లొద్దని ఏప్రిల్‌లో కేంద్ర ఆరోగ్యశాఖ సలహా ఇచ్చింది, నిషేధించలేదు. నెలలోగా నిర్ణయం తీసుకొమ్మని నవంబరులో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పాల్సి వచ్చింది. మహమ్మారి వేళ ఆ మాత్రం తొందర సహజమంటారు. తొందరలోనే కదా చట్టం అడ్డుపడాల్సింది!

కొరియా 2018లో బయోసైడ్ల చట్టం చేసి, 2019 జనవరి నుంచి అమలు చేస్తోంది. మనకూ అలాంటి ఒకే చట్టం కావాలి. ఏ మందు దేనికోసం, ఏ రూపంలో వాడతారో అనుమతి పత్రంలోనే రాసి ఉండాలి. అందులో లేని వాడకానికి అమ్మితే, అమ్మినవారే జవాబు చెప్పాలి.