గురి తప్పుట యెవరి దోషము?

ఆడలేక మద్దెల ఓడన్న సామెత మనవారి నాలుకలపై నిరంతరము మెలగుచుండును. కాని మద్దెల నిజముగా ఓడైన సందర్భమును విచారించువా రరుదు. గురి తప్పిన బాలుని చేతిని నిందించుట సులభము; ఆ చేతిలోని తుపాకిని విప్పి చూచుట శ్రమ. ఈ సోమరితనమే మన గురిక్రీడకు పట్టిన చీడ.

2021 జూలై 25వ తేదీన టోక్యో ఒలింపిక్సులో మనూ భాకర్ పిస్తోలు పోటీ నడుమ చెడిపోయినది. దానిని సరిచేయుటలో విలువైన నిమిషము లెన్నో గడచిపోయినవి. ఆమె 575 పాయింట్లతో 12వ స్థానమున నిలిచి, రెండే పాయింట్ల కొరతచే తుది పోటీకి దూరమయ్యెను. ఆమె చేయి ఓడు కాదని 2024లో పారిసున గెలిచిన రెండు కాంస్య పతకములు చాటినవి. 2008లో బీజింగున అభినవ్ బింద్రా తుది పోటీకి ముందు వేసిన పరీక్షగుండు మధ్యబిందువునకు బహుదూరమున పడెను. ఆయన కలతపడక, సైటు కదలినదని గుర్తించి, దానిని దిద్దుకొని స్వర్ణమును గెలిచెను. దోషమెచ్చట నున్నదో యెరిగినవాడు గెలిచెననుటకు ఇంతకన్న నిదర్శన మేల?

పది మీటర్ల గాలితుపాకి పోటీలో నడిమి బిందువు వ్యాసము అర మిల్లీమీటరు, ఆవగింజకంటెను చిన్నది. అట్టిచోట వదులైన మర యొక్కటి చాలును, ఏండ్ల సాధన బూడిదలో పోసిన పన్నీరగుటకు. అయినను మనవారు చేయుచున్న దేమి? గురి చెదరగానే జర్మనీ గొట్టమనియు, క్రొత్త ట్రిగ్గరనియు, అప్పుచేసి కొనుచున్నారు. నాడి చూడకయే మందుపోయు వైద్యుని మన మేమందుము?

మొదట మరలు బిగువుగా నున్నవో లేదో చూడవలెను. పిమ్మట తుపాకిని పట్టుకఱ్ఱలో బిగించి వేర్వేరు రకముల గుండ్లను ప్రయోగించి, ఏ రకము దగ్గరదగ్గరగా పడునో తెలిసికొనవలెను. రాత్రి గాలిసీసా ఒత్తిడిని గుర్తించి, తెల్లవారి మరల చూచినచో సీలు కారుచున్నదో లేదో తేలును. ఒకమారు ఒక్కదానినే మార్చవలెను. రెండు మార్చినచో ఏది మేలు చేసెనో తెలియదు. ఇవన్నియు ముగిసిన పిదపనే క్రొత్త సామగ్రి మాట. అదియు నియమమునకు లోబడవలెను: గాలిపిస్తోలు ట్రిగ్గరు 500 గ్రాముల బరువును మోయకున్నచో పరీక్షాధికారి దానిని త్రోసిపుచ్చును.

ఈ పని కర్నూలు, కడప సీమలలో మరియు ముఖ్యము. ఇచట వేసవి సూర్యుడు నిప్పులు చెరుగును. రేగడి దుమ్ము ప్రతి సందునను దూరును. 1953 మొదలు 1956 వరకు రాజధానియై వెలిగిన కర్నూలు ఆ గౌరవమును హైదరాబాదునకు అప్పగించెను. 2014 విభజనతో ఆ నగరమును తెలంగాణకు పోయినది. 2012 లండనులో కాంస్యము గెలిచిన గగన్ నారంగ్, ఆసియా క్రీడలలో స్వర్ణము సాధించిన ఈషా సింగ్ ఆ నగరమున సాధన చేసినవారే. మన బిడ్డ తుపాకి చెడినచో పొరుగు రాష్ట్రమునకు మోసికొని పోవలసినదేనా?

రాయలసీమకు తుపాకి విద్య యెందుకు, కక్షలు చాలవా యని కొందరు పెదవి విరతురు. ఈ తర్కము పాతది. 1878 ఆయుధ చట్టము భారతీయుని అనుమానించి తెల్లవానిని నమ్మినది. 1931 కరాచీ కాంగ్రెసు, నిబంధనలకు లోబడి ఆయుధము ధరించుట పౌరుని హక్కని తీర్మానించినది. నాటుబాంబు చీకటిలో పుట్టును. క్రీడాతుపాకి వెలుతురులో, గురువు కన్నుల యెదుట, లెక్కకు లోబడి పేలును. రెండింటిని ఒక్కగాట కట్టుట అవివేకము.

జిల్లా క్రీడాధికారులను మేము కోరునది మేడలు కాదు. కర్నూలున నొకటి, కడపలో నొకటి మరమ్మతు బల్ల, గుండు వేగమును కొలుచు యంత్రము, తేమ తీసిన గాలి పంపు, ఐ.టి.ఐ. యువకుల నుండి యెన్నుకొని తరిఫీదిచ్చిన పనివా డొకడు. లైసెన్సు గల తుపాకులను చట్టము అనుమతించిన పనివానికే అప్పగింపవలెను. పిల్లవానిని నిందించుటకు ముందు మద్దెలను పరీక్షింపుడు. ఓడైనచో బాగుచేయింపుడు. అటుపిమ్మట మన సీమ యువకుడు గురి తప్పినచో మమ్మడుగుడు!