పేరులో బెంగళూరు... ఊరు మాత్రం అంచెట్టి

పేరు గొప్ప ఊరు దిబ్బ అని సామెత. హోసూరు, డెంకణికోట ప్రాంతంలో ఇప్పుడది తిరగబడింది. ఇక్కడ ఊరు చక్కనిదే. చల్లటి గాలి, చెరువు, కొండ, అడవి అన్నీ ఉన్నాయి. ఆ ఊరి పేరు చెప్పుకోవడానికే వ్యాపారులకు మొహమాటంగా ఉంది. తళి రోడ్డులో ఒక తోటలో నాలుగు టెంట్లు వేసినా, అంచెట్టి వైపు కొండ కింద కారవాన్ బండ్లు నిలపడానికి జాగా చదును చేసినా పేరులో బెంగళూరు అని తగిలించేవాళ్లు తయారయ్యారు. ఇంకొందరు ఎలక్ట్రానిక్ సిటీకి కూతవేటు దూరమే అంటారు. అసలు ఊరేది, తాలూకా ఏది, రాష్ట్రం ఏది అన్నది వెతికితే గానీ కనబడదు. డబ్బు కట్టాక ఫోన్‌కు వచ్చే మ్యాప్ చూసి, తాము పోవాల్సింది తమిళనాడులోకి అని తెలుసుకునే పరిస్థితి ఉంది.

ఇదేమంత పెద్ద విషయం, పేరేగా అనుకోవచ్చు. పొగడ్త పేర్లు ఎక్కడైనా ఉంటాయి. తళిని లిటిల్ ఇంగ్లాండ్ అంటారు. లంబసింగిని ఆంధ్రా కశ్మీర్ అంటారు. గండికోట లోయను అమెరికాలోని గ్రాండ్ కేనియన్‌తో పోలుస్తారు. వీటివల్ల ఎవరూ మోసపోరు. తళికి బస్సెక్కినవాడెవడూ ఇంగ్లాండులో దిగుతాననుకోడు. అది ముచ్చటకు పెట్టుకున్న పేరు, విన్నవాడికీ ఆ సంగతి తెలుసు.

పాత ఊళ్ల పేర్లలోనూ తికమక ఉంది. కృష్ణగిరి జిల్లాలోని కావేరీపట్నం కావేరి ఒడ్డున లేదు, దక్షిణ పెన్న ఒడ్డున ఉంది. హోసూరు అంటే కన్నడంలో కొత్త ఊరు, నిజానికది పాత ఊరే. బాగలూరు అని హోసూరు పక్కన ఒకటుంది, బెంగళూరుకు ఉత్తరాన యలహంక వైపు ఇంకొకటుంది. కృష్ణగిరి అనే మండలం కర్నూలు జిల్లాలో ఉంది. కేరళలోని వయనాడులో క్రికెట్ స్టేడియం ఉన్న చోటునూ కృష్ణగిరి అనే అంటారు. హోసూరు రోడ్డు అంటే చాలామందికి గుర్తొచ్చేది హోసూరు కాదు, బెంగళూరు లోపల ఆడుగోడి, బొమ్మనహళ్లి మీదుగా వచ్చే ట్రాఫిక్. అయితే ఈ పేర్లు ఎవరినో రప్పించుకోవడానికి పెట్టినవి కావు. తరాలుగా జనం నోట నానినవి. ఒకే పేరుతో రెండు ఊళ్లుంటే పక్కన తాలూకా పేరు చేర్చి చెప్పుకోవడం జనానికి అలవాటే.

క్యాంపుల పేర్ల సంగతి వేరు. బెంగళూరు అనే మాట అక్కడ పొగడ్తగా రాదు, అడ్రసుగా వస్తుంది. చదివినవాడు దాన్ని నమ్మి దూరం లెక్క వేసుకుంటాడు, పెట్రోలు లెక్క వేసుకుంటాడు, ఇంట్లో పెద్దవాళ్లకు ఎక్కడికి పోతున్నదీ చెబుతాడు. బెంగళూరు నుంచి హోసూరే 40 కిలోమీటర్లు. డెంకణికోట అక్కడి నుంచి మరో 25 కిలోమీటర్లు. అంచెట్టి ఇంకా ముందు, అడవి దారిలో పోవాలి. పడకలు, వంటగది ఉన్న పెద్ద బండిని ఆ మలుపుల్లో రాత్రిపూట నడపాల్సిన డ్రైవరుకు కూతవేటు అన్న మాట ఏం పనికొస్తుంది?

దూరం ఒక్కటే అయితే విసుక్కుని ఊరుకోవచ్చు. కానీ ఇక్కడ రాష్ట్రమే మారిపోతోంది. అత్తిబెలె దాటి జూజువాడిలో అడుగుపెడితే చట్టం వేరు, పోలీసు స్టేషన్ వేరు. ట్యాక్సీ పర్మిట్ లెక్క మారుతుంది. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సంచులు, ప్లేట్లు తమిళనాడులో 2019 జనవరి 1 నుంచి నిషేధం. కర్ణాటకలో కొన్న మద్యం సీసాలు ఇటు తెస్తే వ్యవహారం కేసు దాకా పోవచ్చు. బెంగళూరులోనే ఉన్నామనుకున్న కుర్రాళ్లకు ఇవేవీ తట్టవు.

అన్నిటికంటే ముఖ్యం ప్రాణాపాయ సమయం. అర్ధరాత్రి టెంటులో ఒకరికి పాము కరిచిందనుకోండి. 108కి ఫోన్ చేస్తే అవతలివారు మొదట అడిగేది ఏ ఊరు అనే. సరిహద్దులో ఫోన్ ఏ రాష్ట్రపు టవర్ అందుకుంటుందో చెప్పలేం. అలాంటప్పుడు బెంగళూరు క్యాంపులో ఉన్నాం అని చెబితే అంబులెన్స్ ఎటు బయలుదేరాలి? ఉద్దనపల్లి దగ్గరో, ఉరిగం దగ్గరో అని చెప్పగలిగితే పది నిమిషాలు కలిసొస్తాయి. ఆ పేరు తెలియకపోతే ఆ పది నిమిషాలే పోతాయి. బోర్డు మీద ఊరి పేరు రాయడం అలంకారం కోసం కాదు, ఇలాంటి రాత్రి కోసం.

పైగా ఇది ఏనుగులు తిరిగే నేల. ఏటా రాగి పంట కోతకొచ్చే కాలంలో బన్నేరుఘట్ట అడవి నుంచి గుంపులు జవళగిరి, తళి, డెంకణికోట మీదుగా సానమావు దాకా వస్తాయి. రాత్రి పంట కాపలాకు పోయే రైతుకు ఆ సంగతి పుట్టినప్పటి నుంచీ తెలుసు. తమిళనాడు ప్రభుత్వం 2022 నవంబరులో కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల్లోని 686 చదరపు కిలోమీటర్ల అడవిని కావేరి దక్షిణ వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. కావేరి ఉత్తర అభయారణ్యం అంతకుముందు నుంచే ఉంది. అంచెట్టి పేరు వింటే కొద్దిగా తెలిసినవాడెవడైనా అడవి ఉంటుందే, జంతువులు ఉంటాయే అని ఆలోచిస్తాడు. పిల్లల్ని చీకట్లో బయట తిరగనివ్వడు. అదే బెంగళూరు అని వింటే ఆ జాగ్రత్త పుట్టదు. తప్పుడు పేరు దూరాన్నే కాదు, ప్రమాదాన్నీ దాచిపెడుతుంది. 2021 జనవరిలో వయనాడ్ జిల్లా మేప్పాడి దగ్గర రిసార్టు టెంటులో దిగిన పర్యాటకురాలిని ఏనుగు చంపింది. ఆ తర్వాతే అక్కడి అధికారులు టెంట్ల అనుమతుల మీద కళ్లు తెరిచారు. అలాంటిది ఇక్కడ జరిగేదాకా ఆగాల్సిన పనిలేదు.

వ్యాపారుల వాదన కూడా వినాలి. అంచెట్టి అంటే ఎవరికి తెలుసు, కెలమంగలం అని వెతికేదెవరు, గిరాకీ అంతా బెంగళూరుదే కదా అంటారు. అందులో కొంత నిజముంది. శుక్రవారం సాయంత్రం ఆఫీసు వదిలి రెండు రోజులు ఊపిరి పీల్చుకుందామనుకునేవాళ్లు ఫోన్‌లో కొట్టేది బెంగళూరు అనే. విమానాశ్రయం దేవనహళ్లిలో ఉన్నా దాన్ని బెంగళూరు విమానాశ్రయం అనే అంటున్నాం. జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్-హాన్ అనే విమానాశ్రయం ఫ్రాంక్‌ఫర్ట్ నగరానికి సుమారు 120 కిలోమీటర్ల దూరంలో ఉంది. టికెట్ మీద ఫ్రాంక్‌ఫర్ట్ అని చూసి దిగినవాళ్లు తర్వాత బస్సులో గంటల తరబడి కూర్చోవాలి. కానీ అక్కడైనా పేరులో హాన్ అన్న ముక్క ఉంది. దేవనహళ్లి సంగతి లోకానికంతటికీ తెలుసు. ‘బెంగళూరు నుంచి 90 కిలోమీటర్లు, అంచెట్టి, కృష్ణగిరి జిల్లా, తమిళనాడు’ అని రాయవద్దని ఎవరూ అనలేదు. అలా రాస్తే వెతికేవాడికీ దొరుకుతుంది, వచ్చేవాడికీ తెలుస్తుంది. బెంగళూరు పేరు వాడటం తప్పు కాదు. అసలు పేరు దాచడం తప్పు.

చట్టం కూడా ఈ మాటే చెబుతోంది. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం వస్తువును గానీ సేవను గానీ తప్పుగా వర్ణించే ప్రకటన, ముఖ్యమైన సమాచారాన్ని కావాలని దాచే ప్రకటన తప్పుదారి పట్టించేవే. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ అలాంటి ప్రకటనలను ఆపించగలదు. మొదటిసారి 10 లక్షలు, మళ్లీ చేస్తే 50 లక్షల రూపాయల దాకా జరిమానా వేసే అధికారం దానికుంది. ఈ చట్టంలో సరిహద్దు జనానికి పనికొచ్చే ఇంకో మాట ఉంది. ఫిర్యాదుదారు తాను నివసించే చోటే కేసు వేసుకోవచ్చు. అంటే కుప్పంలో ఉండేవారు డెంకణికోట దగ్గర మోసపోతే కృష్ణగిరి కోర్టు చుట్టూ తిరగాల్సిన అవసరం లేదు, సొంత జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.

ఇక ప్రభుత్వం సంగతి. తమిళనాడు 2023లో పర్యాటక విధానం ప్రకటించింది. క్యాంపింగ్, కారవాన్ పార్కుల నిర్వాహకులు పర్యాటక శాఖ దగ్గర నమోదు చేసుకునే పద్ధతీ ఉంది. ఆ నమోదులో ఊరు, సర్వే నంబరు ఎలాగూ ఇవ్వాల్సిందే. కాగితంలో ఇచ్చిన ఊరినే ప్రకటనలోనూ రాయమనడానికి అడ్డేమిటి? పేర్ల మీద ఈ రాష్ట్రానికి పట్టింపు తక్కువేం కాదు. 2020 జూన్‌లో 1,018 ఊళ్ల ఇంగ్లిషు స్పెల్లింగులను తమిళ ఉచ్చారణకు తగ్గట్టు మార్చుతూ ఉత్తర్వు ఇచ్చింది. విమర్శలు రావడంతో కొద్ది రోజులకే వెనక్కి తీసుకుంది. ఒక్క అక్షరం కోసం అంత తంటాలు పడిన సర్కారు, ఊరి పేరే మాయమైపోతుంటే చూస్తూ కూర్చోవడం వింతగా ఉంది.

నష్టం వచ్చేవాళ్లకే కాదు, ఉన్నవాళ్లకూ ఉంది. క్యాంపులో మిగిలిన చెత్త పడేది ఊరి చెరువు గట్టున. రాత్రి మైకుల గోల వినేది ఊరివాళ్లు. పేరు మాత్రం బెంగళూరుకు పోతోంది. ఒక్క ఊరికైనా ఫలానా చోట మంచి బస ఉంది అన్న పేరు రావడం లేదు. పేరు వస్తే కదా రోడ్డు అడగడానికి, బస్సు అడగడానికి బలం ఉండేది. రాజాజీ పుట్టిన తొరపల్లి ఈ హోసూరు పక్కనే ఉంది. ఫిబ్రవరి వస్తే హోసూరు గులాబీల గురించి దేశమంతా రాస్తుంది. కృష్ణగిరి మామిడి గుజ్జు విదేశాలకు పోతోంది. హోసూరులో అంతర్జాతీయ విమానాశ్రయం కడతామని 2024 జూన్‌లో ముఖ్యమంత్రి అసెంబ్లీలోనే ప్రకటించారు. ఇంత పేరున్న ప్రాంతం ఇంకొకరి పేరు అరువు తెచ్చుకోవడం ఎందుకు?

ఇక్కడి తెలుగువారికి ఈ విషయం ఇంకాస్త బాగా అర్థం కావాలి. వేపనపల్లి, కెలవరపల్లి, ఉద్దనపల్లి లాంటి పేర్లను వాళ్లు ఇంట్లో ఒకలా పలుకుతారు, బోర్డు మీద ఇంకో లిపిలో చదువుతారు. మూడు భాషల మధ్య నలిగినా ఆ పేర్లు నిలబడ్డాయి. మూడు భాషలకూ లొంగని పేర్లు ఒక్క వ్యాపార ప్రకటనకు లొంగిపోతే అంతకంటే చిన్నతనం ఉండదు.

చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. ప్రతి క్యాంపు బోర్డు మీద, ప్రకటనలో, రసీదులో ఊరు, తాలూకా, జిల్లా, రాష్ట్రం పేరంత పెద్ద అక్షరాల్లోనే ఉండాలి. నమోదు నంబరు పక్కనే ఉండాలి. నమోదైన క్యాంపుల జాబితాను ఊళ్ల వారీగా కృష్ణగిరి కలెక్టరేట్ బయటపెట్టాలి. అడవి అంచున ఉన్నవేవో అటవీ శాఖ గుర్తించి, ఏనుగుల కాలంలో వాటికి విడిగా హెచ్చరిక ఇవ్వాలి. బుకింగ్ సంస్థలు నగరం పేరుతో జాబితా వేసుకున్నా రోడ్డు మీది అసలు దూరం, రాష్ట్రం డబ్బు కట్టకముందే చూపించాలి. లైసెన్సు ఇచ్చే పంచాయతీ ఊరి పేరు లేని బోర్డును ఒప్పుకోకూడదు.

పోయేవాళ్లు కూడా అడ్వాన్సు పంపేముందు మూడు మాటలు అడగాలి. ఊరేది? రాష్ట్రం ఏది? నమోదు నంబరెంత? సూటిగా జవాబు రాకపోతే ఆ డబ్బు జేబులోనే ఉంచుకోవడం మంచిది. తన ఊరి పేరు చెప్పడానికే వెనకాడేవాడు రేపు ఆపద వస్తే ఫోన్ ఎత్తుతాడన్న నమ్మకం ఏముంది?