వేసవి పరిశోధనకు దరఖాస్తే అడ్డుగోడ

వేసవి సెలవుల్లో రెండు నెలలపాటు ఒక శాస్త్రవేత్త ప్రయోగశాలలో పనిచేసే అవకాశం, ఖర్చులకు భృతి, రానుపోను రైలు చార్జీలు. డిగ్రీ విద్యార్థికి ఇంతకన్నా మేలైన ఆహ్వానం ఏముంటుంది? బెంగళూరు, ఢిల్లీ, ప్రయాగ్‌రాజ్‌లలోని మూడు విజ్ఞానశాస్త్ర అకాడమీలు ఉమ్మడిగా ఇస్తున్న వేసవి ఫెలోషిప్పుల స్వరూపమిది. సొంత కళాశాలలో ప్రయోగశాల పేరుకు మాత్రమే ఉన్న విద్యార్థికే ఈ అవకాశం అత్యవసరం. కానీ దరఖాస్తు పద్ధతిని నిశితంగా పరిశీలిస్తే, అది ఆ విద్యార్థికే కొరుకుడు పడనిదిగా ఉన్నదన్న సంగతి బోధపడుతుంది.

2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం దేశంలో 1,168 విశ్వవిద్యాలయాలు, 45,473 కళాశాలలు ఉన్నాయి. డిగ్రీ విద్యార్థుల్లో అత్యధికులు చదివేది ఈ కళాశాలల్లోనే. పరిశోధన మాత్రం జాతీయ ప్రయోగశాలలకు, ఐఐటీలకు, ఐసర్‌లకు, కొద్దిపాటి విశ్వవిద్యాలయాలకు పరిమితమైంది. బోధన ఒకచోట, పరిశోధన మరొకచోట అన్న ఈ ఏర్పాటు దశాబ్దాల నాటిది. ఈ రెంటి నడుమ ఉన్న కొద్దిపాటి వంతెనల్లో వేసవి ఫెలోషిప్ ఒకటి.

దరఖాస్తుకు మార్కులతోపాటు మరి రెండు కావాలి. పరిశోధన పట్ల ఆసక్తిని వివరిస్తూ విద్యార్థి రాసే వ్యాసం ఒకటి, అధ్యాపకుని సిఫార్సు లేఖ మరొకటి. చిక్కంతా ఇక్కడే ఉంది. మన సమాజంలో సిఫార్సు అంటే పైరవీ అన్న అర్థమే బాగా వ్యాప్తిలో ఉంది కనుక, ఈ లేఖ దేనికో అడిగేవారికీ రాసేవారికీ కూడా స్పష్టంగా తెలియదు. ‘విద్యార్థి క్రమశిక్షణ గలవాడు, సత్ప్రవర్తన కలవాడు’ అంటూ నడవడిక ధ్రువపత్రం వంటిది చేతికి వస్తుంది. పరిశోధన సంస్థలో చదివే విద్యార్థి విషయం వేరు. అతడు ఏ ప్రయోగం చేశాడో, ఎక్కడ తప్పటడుగు వేసి ఎలా సరిదిద్దుకున్నాడో అతని ఆచార్యుడు రాయగలడు. ఎంపిక చేసేవారి దృష్టి దేనిపై నిలుస్తుందో వేరే చెప్పనక్కరలేదు. కిక్కిరిసిన తరగతికి పాఠం చెప్పే కాంట్రాక్టు అధ్యాపకుణ్ణి ఇందుకు తప్పుపట్టడం న్యాయం కాదు. ఒక్కొక్క విద్యార్థి పనినీ గమనించే తీరిక ఆయనకు ఎవరిచ్చారు?

వ్యాసం సంగతీ అంతే. చిన్ననాటి నుంచి సైన్సు అంటే మక్కువ అన్న వాక్యంతో మొదలయ్యే దరఖాస్తు విద్యార్థి గురించి ఏమీ చెప్పదు. ఏ ప్రశ్న తనను ఆకర్షించింది, దాని గురించి ఏం చదివాడు, పాఠ్యపుస్తకం ఎక్కడ ఆగిపోయింది అన్న మూడు మాటలు సూటిగా రాస్తే చాలు. దీనికి గొప్ప ఆంగ్లం అవసరం లేదు గాని, ముందుచూపు అవసరం. గడువు సాధారణంగా నవంబరులోనే ముగుస్తుంది. వేసవికి ఇంకా అయిదారు నెలలున్నదన్న భరోసాతో సంక్రాంతి తరువాత మేల్కొనేవారికి ఆ ఏడాది అవకాశం దక్కదు.

డబ్బు లేక ఈ పరిస్థితి వచ్చిందనుకోవడానికి లేదు. పన్నెండో తరగతిలో తమ బోర్డు పరిధిలో మొదటి ఒక శాతంలో నిలిచి, మౌలిక విజ్ఞాన శాస్త్రాల్లో చేరినవారికి కేంద్రం ఇన్‌స్పైర్ కింద ఏడాదికి 80,000 రూపాయలు నిర్దేశించింది. అందులో 20,000 వేసవి పరిశోధన కోసమే. 1999లో ఆరంభమైన కిశోర్ వైజ్ఞానిక్ ప్రోత్సాహన్ యోజనను 2022లో ఇందులోనే కలిపివేశారు. అయితే మార్గదర్శిని వెతుక్కోవలసిన భారం విద్యార్థిదే. తిరుపతి ఐసర్‌లో, హైదరాబాద్ సీసీఎంబీలో ఎవరు ఏ పరిశోధన చేస్తున్నారో జిల్లా కేంద్రంలోని విద్యార్థికి చెప్పే నాథుడు లేడు. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీకి ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. ధ్రువపత్రాల కోసం పరుగులు తీసే బదులు ఆ రెండు నెలలను ప్రయోగశాలకు మళ్ళించే బాధ్యత కళాశాలలు ఎందుకు తీసుకోకూడదు?

అమెరికాలో జాతీయ సైన్స్ ఫౌండేషన్ 1987లో ఇటువంటి పథకాన్నే ఆరంభించింది. ప్రతి కేంద్రంలోనూ కనీసం సగం మందిని పరిశోధన వసతులు అంతంతమాత్రంగా ఉన్న కళాశాలల నుంచే తీసుకోవాలని దాని మార్గదర్శకాలు నిర్దేశించాయి. మన అకాడమీలకు ఈ పద్ధతి అనుసరణీయం. సిఫార్సు లేఖకు బదులు నాలుగు నిర్దిష్టమైన ప్రశ్నలు అడిగినా పల్లెటూరి కళాశాల అధ్యాపకుడు నిజం రాయగలుగుతాడు. భృతిలో కొంత మొత్తాన్ని ముందుగా చెల్లిస్తే, బెంగళూరులో గది అద్దెకు అప్పు చేయలేని కుటుంబాల పిల్లలూ ధైర్యంగా బయలుదేరుతారు. 2023లో చట్టరూపం దాల్చిన అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్‌కు 2023-28 మధ్యకాలంలో 50,000 కోట్ల రూపాయలు సమకూరగలవని అంచనా వేశారు. ఈ మార్పులకయ్యే వ్యయం అందులో లెక్కలోకి రానంత స్వల్పం.