చెరువు లోతైనది, చేపను ఎన్నుకొనుట ఎట్లు?



పూడిక తీసిన చెరువులు నేడు మన గ్రామములలో చాలా ఉన్నవి. తెలంగాణలో 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయ పనులలో వేలకొలది చెరువుల నుండి ఒండ్రు తీసి పొలములకు తోలినారు. మోకాటిలోతు నిలిచిన చోట నిలువెత్తు నీరు నిలుచుచున్నది. ఇంత నీటిని చూచినపుడు ఇందులో చేపలు పెంచిన బాగుండునని ఎవరికైనను తోచును. ఆలోచన మంచిదే. కాని ఏ చేపను వేయవలెనని అడిగినచో, "సంతలో ఏది ఎక్కువ ధర పలుకునో అది వేయుద"మని చాలామంది చెప్పుదురు. ఇది సరియైన పద్ధతి కాదని నా అభిప్రాయము. చేప ధర కన్న ముందు చేప నోటిని చూడవలెను. అది ఏమి తినును? నీటిలో ఏ మట్టమున తిరుగును? తోటి చేపను బ్రతుకనిచ్చునా? ఈ మూడింటికి జవాబు తెలిసిన పిదపనే ధర మాట.

కందిలో జొన్న వేయుట మీకు తెలిసినదే. కంది వేరు లోతునకు పోవును, జొన్న వేరు పైపొరలో అల్లుకొనును. ఒకదాని తిండికి మరొకటి అంతగా అడ్డురాదు. చెరువులో చేపల పెంపకమునకు కూడ ఇదే సూత్రము. బొచ్చె నోరు పైకి తిరిగి ఉండును. అది నీటి పైభాగమున తేలియాడు సూక్ష్మజీవులను తినును. శీలవతి మధ్యనీటిలో మేయును. ఎర్రమోసు నోరు క్రిందికి ఉండును. అది అడుగున కుళ్లిన ఆకు, అలము, బురదలోని పదార్థములతో పెరుగును. నాచు మిక్కుటముగా ఉన్న చోట కొద్దిపాటి గడ్డిచేపను చేర్చిన, మందుతో పనిలేకనే నాచు తగ్గును. ఈ నాలుగును ఒకదానినొకటి తినవు. నిలువనీటిలో గ్రుడ్లు పెట్టి సంతతిని పెంచవు కనుక, మనము వేసిన లెక్క మించి పెరిగి చెరువును ఇరుకు చేయవు.

చెరువు లోతైనదని ఈ చేపలను ఎన్నైనను వేయవచ్చునని తలచుట పొరపాటు. సూర్యరశ్మి సోకు పైనీటిలోనే చేపల ఆహారము ఎక్కువగా తయారగును. అడుగునీటిలో ప్రాణవాయువు తక్కువ. మబ్బుపట్టిన దినములలో తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోరు తెరచుట మీరు చూచియే యుందురు. లోతు వలన ముఖ్యముగా పెరుగునది మధ్యనీరు. అందుచేత రెండు మీటర్లకు మించి నీరు నిలుచు చెరువులో శీలవతి పాలు పెంచవచ్చును. సాధారణముగా నూటికి బొచ్చె 40, శీలవతి 30, ఎర్రమోసు 30 చొప్పున వేయుదురు. లోతైన చోట బొచ్చె 30, శీలవతి 40గా మార్చుకొనవచ్చును. మేత వేయని ఊరచెరువునకు ఎకరమునకు 800 నుండి 1,000 పిల్లలు చాలును.

ఇక తోటి చేపను బ్రతుకనీయని వాని మాట. కొరమీను రుచికి, ధరకు పేరుపొందినది. 2016లో తెలంగాణ ప్రభుత్వము దానిని రాష్ట్ర చేపగా ప్రకటించినది. అయినను అది వేట చేప. బొచ్చె పిల్లలున్న చెరువులో దాని పిల్లను కొని వేయుట, కోళ్లగూటిలో పిల్లిని పెట్టుటయే. వాలుగ కూడ అట్టిదే. వీనిని చెడ్డ చేపలని నేను అనను. కొరమీను పెంచదలచిన వారు దానికి వేరు గుంట త్రవ్వుకొనవలెను. ఊరచెరువులో సహజముగా ఉన్న వానిని వేసవిలో నీరు తగ్గినపుడు వలవేసి పట్టి అమ్ముకొనవలెను.

పరదేశపు చేపల విషయములో ఇంకను జాగ్రత్త అవసరము. తిలాపియా 1952లో మన దేశమునకు వచ్చినది. ఆడచేప గ్రుడ్లను నోటనుంచుకొని పొదుగును, కొలది నెలలకే మరల ఈనును. చివరకు చెరువునిండ చేపలుండును గాని ఒక్కటియు పెద్దది కాదు. ఆఫ్రికా జాతి మార్పుచేప చిన్న చేపలను మ్రింగును, గాలి పీల్చి బ్రతుకును, తడినేలపై ప్రాకి మరొక గుంటకు పోగలదు. దాని పెంపకమును భారత ప్రభుత్వము 2000లో నిషేధించినది.

మాంసము తినని చేప కూడ హాని చేయవచ్చును. హిమాచల్ ప్రదేశ్‌లోని గోవింద్‌సాగర్ జలాశయములోనికి 1971లో వరద వలన ఒక పెంపక కేంద్రము నుండి వెండిచేపలు చేరినవి. అవి బొచ్చెతో పాటు పైనీటిలోనే మేయునవి. కాలక్రమమున జలాశయమంతట అవే నిండి, బొచ్చె తగ్గిపోయినది. ఒకే మట్టమున ఒకే తిండికి ఇద్దరు పోటీపడిన, బలవంతుడే మిగులును.

"నా డబ్బు, నా చేప, నా ఇష్ట"మని కొందరు వాదింతురు. సొంత పొలములో, గట్లు కట్టి, జాలి వేసిన గుంటకు ఈ మాట కొంతవరకు చెల్లును. ఊరచెరువునకు చెల్లదు. మన చెరువులు చాలావరకు గొలుసుకట్టు చెరువులు. పైచెరువు అలుగు పారిన నీరు క్రిందిచెరువులో పడును. నీటితో పాటు చేపయు పోవును. మీరు ఈ ఏడు వేసిన వేటచేప వచ్చే ఏడు పొరుగూరి మత్స్యకార సంఘము వేసిన పిల్లలను తినును. పరిగెల వంటి చిన్న చేపలు కూలివాని ఇంటికి కొనకుండ దొరకు కూర. అవి పోయిన పిదప ఏ పథకము వానిని తిరిగి తేలేదు. కనుక ఏ చేపను వేయవలెనను నిర్ణయము గుత్తేదారునిది మాత్రమే కారాదు. పిల్లలను కొనుటకు ముందే గ్రామసభలో, మత్స్యకార సంఘము వారి యెదుట చర్చించి, వేయదగిన జాతులను వ్రాసిపెట్టుకొనవలెను. పంచాయతీ కార్యదర్శులు ఈ పనికి పూనుకొనవలెనని నా మనవి.

పూర్వము చేపపిల్లలను నదులలో పట్టి తెచ్చెడివారు. మంచి జాతులతో పాటు వేటచేపల పిల్లలును కలిసి వచ్చెడివి. 1957 జూలై 10న ఒడిశాలో డాక్టరు హీరాలాల్ చౌధురి సూదిమందుతో పెంపక చేపలచే గ్రుడ్లు పెట్టించిన నాటి నుండి కలగలుపు లేని పిల్లలను పొందు మార్గము ఏర్పడినది. ఆ సౌకర్యమును మనము అజాగ్రత్తతో పోగొట్టుకొనరాదు. పిల్లలు వచ్చిన దినమున గట్టుమీదనే కొన్నింటిని తెల్లని పళ్లెములో పోసి చూడుడు. పొలుసు లేక, నోటిచుట్టు నాలుగు జతల మీసములున్న పిల్ల కనబడినచో ఆ సంచిని చెరువులో వదలక త్రిప్పి పంపుడు. అంగుళమంత పిల్లలను గాక, 80 నుండి 100 మిల్లీమీటర్లు పెరిగిన వానిని కోరుడు. సంచిని పావుగంట నీటిపై తేలనిచ్చి, లోపలి నీరు చెరువు నీటితో సమమైన పిదపనే మూతి విప్పుడు.

విత్తనములో కలుపు గింజ కనబడిన మీరు ఏరివేయుదురు. చేనిలో మొలచిన కలుపును మరుసటి కారులో పీకవచ్చును. గొలుసుకట్టు చెరువులలో పడిన కలుపుచేపను పీకివేయు ఉపాయము లేదు. గట్టుమీద ఒక్క గడియ ఓపికపట్టి చూచుటయే ఉన్న ఉపాయము.