బీదర్ మట్టి, మన క్రిస్మస్ కానుక

డిసెంబరు వస్తోందంటే మన ఇళ్లలో సంతోషం కన్నా ముందు లెక్కలు వస్తాయి. ఇంటికి రంగులు, పిల్లలకు కొత్త బట్టలు, గుమ్మానికి నక్షత్రం, మూలన చెట్టు, కేకు, అరిసెలు, పాస్టరు గారి కుటుంబానికి బట్టలు, కేరల్స్‌కు వచ్చేవాళ్లకు టీ బిస్కెట్లు, సెమీ క్రిస్మస్ చందా. వీటికి ఈ మధ్య ఇంకొకటి తోడైంది. యూత్ ఫెలోషిప్‌లో చీటీలు తీసి ఒకరికొకరు రహస్యంగా ఇచ్చుకునే కానుక. ఎంతలో కొనాలి, పక్కవాళ్లు తెచ్చినదాని ముందు మనది చిన్నబోతుందా, ఫోటోలో ఎలా కనబడుతుంది అని మన పిల్లలు బెంగ పెట్టుకుంటున్నారు.

పండుగ లోటు లేకుండా జరగాలన్న ఆశ తప్పేమీ కాదు. కానీ ఆ ఆశ ఎవరి మీద పడుతోందో చూడాలి. కూలికి వెళ్లే తల్లి వడ్డీకి తెచ్చి బట్టలు కొంటుంది, ఆ అప్పు ఉగాది దాకా తీరదు. కొత్త బట్టలు లేవని క్రిస్మస్ రోజున గుడికి రాని పిల్లలు ప్రతి సంఘంలోనూ ఉంటారు. మనం గమనించం, అంతే. ఇంట్లో ఆడవాళ్లయితే 24వ తేదీ రాత్రంతా పొయ్యి దగ్గరే ఉండి, ఉదయం ఆరాధనలో కునికిపాట్లు పడతారు. అనేకమైన పనులతో తొందరపడిన మార్త గురించి ప్రసంగాలు విన్నవాళ్లమే. అయితే ఆ ప్రసంగం అయ్యాక వంటగదిలోకి వెళ్లి ఒక గిన్నె కడిగిన మగవాళ్లు ఎంతమంది?

ఈసారి ఈ మాటలను బీదర్ నుంచి మొదలుపెట్టాలనుకున్నాం. జహీరాబాద్ దాటి కాస్త ముందుకు వెళితే కర్ణాటకలో అడుగుపెడతాం, ఆ వెంటనే బీదర్ జిల్లా. 1956 నవంబరు 1 వరకు అదీ మనమూ ఒకే హైదరాబాద్ రాష్ట్రం. ఇప్పటికీ కన్నడ, ఉర్దూ, మరాఠీలతో పాటు తెలుగు కూడా అక్కడి బజారులో వినబడుతుంది. సరిహద్దుకు అటూ ఇటూ మెథడిస్టు సంఘాలున్నాయి, పెళ్లి సంబంధాలున్నాయి. అక్కడ చౌబారా చుట్టుపక్కల సందుల్లో నడిస్తే సుత్తి చప్పుడు వినబడుతుంది. అదే బిద్రీ పని. బహమనీ సుల్తానుల కాలం నుంచి వస్తున్న పని అది. 2006లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పనిలో జీవితమంతా గడిపిన షా రషీద్ అహ్మద్ ఖాద్రీ గారికి 2023లో పద్మశ్రీ ప్రకటించారు.

నల్లటి లోహం మీద వెండి పువ్వులున్న కూజాను మీరు ఏ ఎంపోరియంలోనో చూసే ఉంటారు. అది ఎలా తయారవుతుందో తెలిసినవాళ్లు మాత్రం మనలో తక్కువ. జింకులో కొద్దిగా రాగి కలుపుతారు, ఇంచుమించు 16 పాళ్లకు ఒక పాలు. ఆముదం, గుగ్గిలం కలిపిన మట్టితో అచ్చు చేసి, ఆ కరిగిన లోహాన్ని అందులో పోస్తారు. చల్లారాక ఆకురాయితో రాస్తారు. గీత కనబడాలి కాబట్టి మైలుతుత్తం నీళ్లు పూసి తాత్కాలికంగా నలుపు చేస్తారు. ఆ నలుపు మీద కొలబద్ద, కాగితం నమూనా లాంటివేవీ లేకుండానే చాలామంది చేత్తోనే తీగలు, ఆకులు గీసేస్తారు. తర్వాత సన్నటి ఉలితో గాడి తీసి, ఆ గాడిలో వెండి తీగను పెట్టి సుత్తితో మెల్లగా కొడతారు. మళ్లీ నున్నగా రాస్తారు. ఆ దశలో చూస్తే వస్తువంతా ఒకే తెల్లదనం, వెండి ఎక్కడుందో జింకు ఎక్కడుందో తెలియదు. పడిన కష్టమంతా కనబడకుండా పోయినట్టే ఉంటుంది.

అప్పుడు మట్టి వస్తుంది. బీదర్ కోటలో ఎన్నో ఏళ్లుగా ఎండా వానా తగలని చోట్ల నుంచి తెచ్చే మట్టి. సరైన మట్టేనా అని పనివాళ్లు నాలుక మీద పెట్టి రుచి చూస్తారు. దానిలో నవాసాగరం, నీళ్లు కలిపి, వేడి చేసిన వస్తువుకు పూస్తారు. కాసేపటికి లోహం గాఢమైన నలుపుకు తిరుగుతుంది. వెండిని మాత్రం ఆ మట్టి ముట్టుకోదు. నూనె పెట్టి తుడిస్తే నలుపులోంచి పువ్వులు లేస్తాయి.

ఇక్కడ ఒక చిన్న మాట. మన సండే స్కూళ్లలో మాటలు లేని పుస్తకం అని ఒకటి చూపిస్తాం. అందులో నల్ల పేజీ అంటే పాపం. నల్లటి ఒంటి రంగున్న పిల్లలతో నిండిన తరగతిలో ఏళ్ల తరబడి ఆ పేజీ తిప్పుతూనే ఉన్నాం. ఆ పిల్లల చేతిలో ఒక బిద్రీ డబ్బా పెట్టి, నలుపు లేకపోతే ఈ పువ్వు కనబడేదా అని అడగవచ్చు. సండే స్కూలు టీచర్లు ఆలోచించాలి.

చేత్తో గీసిన పువ్వు పక్క పువ్వులా ఉండదు. రెండు గిన్నెలు జతగా కొంటే రెండింటి మీది తీగ ఒకే చోట మలుపు తిరగదు. యంత్రం మీద అచ్చయిన వస్తువుకు అలవాటు పడిన కన్ను దాన్ని లోపం అనుకుంటుంది, ధర తగ్గించమంటుంది. లోటులేని పండుగ కావాలనే మన పట్టుదల మన ఇంటి గుమ్మం దగ్గర ఆగదు. అది పనివాడి ఇంటిదాకా వెళుతుంది. ఎలాగంటే, చాలాచోట్ల చేతిపనికి కూలి వస్తువు లెక్కన ఇస్తారు. కొనేవాడు తిరగ్గొట్టిన ప్రతి వస్తువు వెనుక కూలి దొరకని గంటలుంటాయి. జింకు కరిగించే పొగ, గంటల తరబడి సన్నటి గీత మీదే ఉంచిన కళ్లు, ఇవేవీ ధర చీటీలో ఉండవు. వెండి ధర పెరిగితే ఆ భారం కూడా చివరికి పనివాడి మీదికే వస్తుంది, ఎందుకంటే మనం ఇచ్చే ధర పెంచం.

బేరం గురించి మనకు మరీ గట్టిగా చెప్పుకోవాలి. తెలుగు క్రైస్తవుల్లో ఎక్కువమందిమి ఎవరి మనవలం? చెప్పులు కుట్టిన చేతులు, డప్పు కట్టిన చేతులు, మగ్గం నేసిన చేతులు మన తాతలవి. వాళ్ల పనికి ఊరు ఏనాడూ సరైన ధర కట్టలేదు. కళ్లంలో మిగిలిన గింజలు విసిరి, అదే ఎక్కువన్నారు. ఆ కథ చెప్పుకుని న్యాయం అడిగే మనం, జేబులోకి నాలుగు రూపాయలు రాగానే ఇంకొక చేతిపనివాడి ముందు నిలబడి సగం ధరకి అడిగితే ఎలా? మాల్‌లో చొక్కా మీద అంటించిన ధరను మారుమాట లేకుండా ఇచ్చేస్తాం కదా.

చేతిపనితో మన సంఘాలకు మరో పాత లెక్క కూడా ఉంది. గోదావరి జిల్లాల్లో నరసాపురం లేసు అల్లికను 19వ శతాబ్దంలో నేర్పింది మిషనరీలే. కరువులో, పేదరికంలో ఆడవాళ్లకు ఆ దారం ఆసరా అయింది. తర్వాత అది విదేశాలకు వెళ్లే పెద్ద వ్యాపారమైంది. జర్మనీకి చెందిన సమాజ శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో ఆ మహిళల గురించి ఒక పుస్తకం ప్రచురించారు. వ్యాపారులు వాళ్లను కార్మికులుగా లెక్కించరు, తీరిక వేళలో అల్లుకునే గృహిణులుగా చూస్తారు, అందుకే అంత తక్కువ కూలి అని ఆమె చూపించారు. 2024లో ఆ లేసుకూ భౌగోళిక గుర్తింపు దొరికింది. సంతోషమే. కానీ గుర్తింపు వస్తువుకు వస్తుంది, కూలి మనిషికి రావాలి. యూరపులో ఎవరి భోజనపు బల్ల మీదో క్రిస్మస్ రాత్రి పరిచిన గుడ్డను అల్లిన అమ్మ ఇంట్లో ఆ రాత్రి ఏం వండారన్నది మన ప్రశ్న.

బీదర్‌లో బిద్రీ చేసేవాళ్లలో ఎక్కువమంది ముస్లిం సోదరులు. కోట మట్టిని నాలుకతో గుర్తుపట్టే విద్య తండ్రి నుంచి కొడుక్కి వచ్చింది. ఒకరి పండుగ సామాను ఇంకొకరి దగ్గర కొనవద్దని ప్రచారం చేసే రోజుల్లో మనం బతుకుతున్నాం. ఇలాంటప్పుడు ఒక క్రైస్తవ యువకుడు ఆ దుకాణం గడప ఎక్కి, మా అమ్మకు క్రిస్మస్‌కు ఇవ్వాలి భాయ్, చిన్నది ఏదైనా చూపించండి అని అడిగితే, ఆ మాటకు చాలా విలువ ఉంది. ప్రత్యక్ష గుడారం కట్టేటప్పుడు దేవుడు బెసలేలును పేరుపెట్టి పిలిచి తన ఆత్మతో నింపాడని నిర్గమకాండము 31వ అధ్యాయంలో చదువుతాం. బంగారంతో, వెండితో, ఇత్తడితో పని చేయడానికే ఆ ఆత్మ. లోహం మీద ఉలి పట్టిన చెయ్యి పరిశుద్ధమైన చెయ్యి అని చెప్పడానికి మాకు ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

అయితే అందరూ బిద్రీయే కొనాలని మేము చెప్పడం లేదు. వెండి ఉన్న వస్తువు, పెద్ద కూజా వేల రూపాయలకు పోతుంది. కీ చైను, చెవిపోగులు, చిన్న డబ్బా లాంటివి అందుబాటులో ఉంటాయి. అదీ వీలు కాకపోతే చుట్టూ చూడండి. జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు, ఎక్కువగా దళిత మహిళలు, కొర్రలు, సజ్జలు, సామలు, జొన్నల పాత విత్తనాలను కాపాడుకుంటూ వచ్చారు. 2019లో ఆ సంస్థకు ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. రెండు కిలోల కొర్రలు గుడ్డ సంచిలో కట్టి ఇస్తే అది కానుక కాదా? తండాల్లో లంబాడీ అక్కలు అద్దాలు కుట్టిన సంచి, నిర్మల్ బొమ్మ, కొండపల్లి బొమ్మ, మీ వీధిలోనే మిషను కుట్టే అక్క చేసిన గౌను, ఇవన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. నరసాపురంలో ఉన్నవాళ్లు బీదర్ దాకా రానక్కరలేదు.

ఇంకొక జాగ్రత్త కూడా చెప్పాలి. ఫుట్‌పాత్ మీద పది రూపాయల ప్లాస్టిక్ నక్షత్రం కొన్న కుటుంబాన్ని చూసి ముఖం చిట్లించడం మా ఉద్దేశం కాదు. అమ్మినవాడూ పేదవాడే, కొన్నవాళ్లూ పేదవాళ్లే. స్థానికంగా తయారైనదే కొనాలి అన్నది మరో పోటీగా మారి, ఎవరిది ఎక్కువ స్వచ్ఛమైన క్రిస్మస్ అని ఫోటోలు పెట్టుకునే స్థితి వస్తే అది పాత జబ్బే కొత్త బట్టలు కట్టుకుని వచ్చినట్టు. ఈ మాట ముఖ్యంగా డబ్బు చేతిలో ఉన్నవాళ్లకు చెబుతున్నాం. సంఘ కమిటీలకు చెబుతున్నాం. ప్రతి సంవత్సరం ముఖ్య అతిథులకు శాలువాలు, జ్ఞాపికలు కొంటాం. అద్దాల పెట్టెలో పెట్టిన ఆ మెరుపు కప్పులు ఏ ఇంట్లో ఎక్కడ పడి ఉన్నాయో అందరికీ తెలుసు. ఆ ఖర్చునే చేతిపనివాళ్ల వైపు తిప్పవచ్చు. ఇంటింటికీ అలంకరణ పోటీ పెట్టే సంఘాలు ఈ ఒక్క ఏడాది ఆ పోటీ మానేస్తే, ఎన్ని ఇళ్లలో ఆడవాళ్లు ఊపిరి పీల్చుకుంటారో అడిగి చూడండి.

కొనడానికి వెళ్లేవాళ్లకు నాలుగు మాటలు. వీలైతే పనివాళ్ల దగ్గరే కొనండి. లేదంటే కర్ణాటక ప్రభుత్వ కావేరి ఎంపోరియంలో దొరుకుతుంది. బిద్రీ వస్తువు చూపుకు చిన్నదైనా చేతికి బరువుగా ఉంటుంది. నలుపు లోహంలోనే పుట్టింది కాబట్టి గోరుతో గీకితే పెచ్చులా ఊడదు. ఇంటికొచ్చాక వెండి మసకబారితే మెత్తటి పొడి గుడ్డతో తుడవండి చాలు, చింతపండు పెట్టి తోమకండి. సంఘం తరఫున ఎక్కువ వస్తువులు కావాలంటే డిసెంబరు 15న వెళ్లి 20కల్లా ఇమ్మని నిలబడకండి. ఆ తొందర పనివాడికి నిద్రలేని రాత్రులవుతుంది. ఆగస్టులో, సెప్టెంబరులో చెప్పండి, సగం డబ్బు ముందే ఇవ్వండి. సిలువ కావాలన్నా, నక్షత్రం కావాలన్నా చెక్కి ఇస్తారు.

ఈ ఏడాదికి ఆలస్యమైపోయిందని అనుకునేవాళ్లు మత్తయి సువార్త 2వ అధ్యాయం ఒకసారి తీసి చూడండి. జ్ఞానులు వచ్చేసరికి శిశువు పశువుల తొట్టిలో లేడు, ఇంట్లో ఉన్నాడు. నెలలు గడిచి ఉండవచ్చు. వాళ్లు తెచ్చినవి వాళ్ల దేశపు వస్తువులు. ఆలస్యంగా వచ్చారని మరియ తలుపు వేసుకోలేదు. వాళ్ల రాకను సంఘం జనవరి 6న జ్ఞాపకం చేసుకుంటుంది. కాబట్టి చీటీలో మీ స్నేహితురాలి పేరు వచ్చి, మీరు చెప్పిన చెవిపోగులు ఇంకా బీదర్‌లో ఉలి కిందే ఉంటే, 25న ఒక కాగితం మీద ఆ సంగతి రాసి ఆమె చేతిలో పెట్టండి. వస్తువు జనవరిలో ఇవ్వండి. చేసినవారి పేరు అడిగి తెలుసుకుని అదే కాగితం మీద రాయండి.